కోవిడ్ వార్డు పోస్టింగ్‌కి వెళ్లే ముందు: ఊపిరి లెక్కపెట్టండి, ఊహించి రాయకండి

ఈమధ్య ఒక ఆసుపత్రిలో జరిగిన సంగతి ఇది. కోవిడ్ న్యుమోనియాతో చేరిన ఒక పెద్దాయన మంచం మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నారు. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ రక్తంలో ఆక్సిజన్ 94 శాతం అని చూపిస్తోంది. బాత్రూమ్‌కని లేచి, తలుపు దగ్గరే కుప్పకూలారు. ఐసీయూకి తరలించారు, బతికి బయటపడ్డారు. తర్వాత కేస్ షీట్ తిరగేస్తే మూడు డ్యూటీల్లోనూ నిమిషానికి ఎన్ని శ్వాసలో రాసే గడిలో ఒకటే అంకె: 20. పక్క మంచం షీట్లోనూ 20. ఆ పక్కదాంట్లోనూ అదే.

మాస్కు, గ్లవ్స్, చేతుల శుభ్రత గురించి మీకు ఈపాటికి విసుగొచ్చేలా చెప్పి ఉంటారు. వాటి జోలికి నేను పోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది కానీ వైరస్ ఎక్కడికీ పోలేదు. 2021లో వార్డులు ఎలా ఉండేవో చూడని విద్యార్థుల బ్యాచ్‌లు ఇప్పుడు పోస్టింగ్‌లకి వస్తున్నాయి. అందుకే ఈ ఒక్క తప్పు గురించి గట్టిగా చెబుతున్నాను: శ్వాసల్ని లెక్కపెట్టకుండా రాయడం.

లోపల జరుగుతున్నది

వైరస్ మీద ఉండే ముళ్లు మన కణాల మీది ఏసీఈ2 అనే గ్రాహకానికి అతుక్కుంటాయి. ఊపిరితిత్తుల గాలి గదుల్లో టైప్ 2 కణాలుంటాయి. గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్‌ను తయారు చేసేవి అవే. అవి దెబ్బతింటే కొన్ని గదులు ముడుచుకుపోతాయి, కొన్నిట్లో నీరు చేరుతుంది. చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాల లోపలి పొర వాచి, చిన్న చిన్న రక్తపు గడ్డలు కడతాయి. గాలి అందని గదుల మీదుగా రక్తం అలాగే వెళ్లిపోతుంది, దానికి ఆక్సిజన్ అందదు.

మరి పేషెంటుకి ఆయాసం రావాలి కదా? అన్నిసార్లూ రాదు. కార్బన్ డయాక్సైడ్ ఆక్సిజన్ కంటే దాదాపు 20 రెట్లు తేలిగ్గా పొరల్ని దాటుతుంది. బాగున్న కొద్ది గదులే దాన్ని బయటికి పంపేస్తాయి. మెదడుకి ‘దమ్ము చాలట్లేదు’ అనిపించేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడే. అది పెరగలేదు కాబట్టి ఆక్సిజన్ 85కి పడిపోయినా మనిషి నవ్వుతూ మాట్లాడొచ్చు. దీన్నే సైలెంట్ హైపాక్సియా అంటాం. అందుకే “ఆయాసంగా ఉందా?” అని అడిగి, లేదంటే రాసుకుని వచ్చేయడం పరీక్ష కాదు, పలకరింపు.

94ని చూసి ధీమా పడొద్దు

రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మి.మీ. పాదరసం నుంచి 60కి పడిపోయినా, ఆక్సిమీటర్ అంకె 97 నుంచి 90కే దిగుతుంది. నష్టం చాలా, కనిపించేది కొంచెం. 90 దాటి కిందికి వచ్చాక అంకె జారుడుబల్ల మీద జారినట్టు జారుతుంది. పైగా ఆ 94ని నిలబెట్టడానికి శరీరం వేగంగా ఊపిరి తీస్తుంటుంది. అంకె ఆలస్యంగా కదులుతుంది, శ్వాసల వేగం ముందే చెబుతుంది. ముందు చెప్పేదాన్ని వదిలేసి, ఆలస్యంగా చెప్పేదాన్ని పట్టుకుని కూర్చుంటున్నాం.

మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండండి, చూపు మాత్రం ఛాతీ మీద పెట్టండి. ఊపిరి లెక్కపెడుతున్నామని చెబితే పేషెంటు తెలియకుండానే తీరు మార్చేస్తారు. నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్కటి తప్పినా నాలుగు తేడా వస్తుంది. ఒక షీట్లో అన్నీ 18, 20, 22 లాంటి సరి సంఖ్యలే ఉండి, బేసి సంఖ్య ఒక్కటీ లేదంటే, అక్కడెవరూ నిమిషం నిలబడలేదనే నా అనుమానం. ఇందులో విద్యార్థుల్నొక్కర్నే అనడానికి లేదు. సీనియర్లు అలా రాస్తుంటే చూసే నేర్చుకుంటారు.

పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు. 24 అంటే ఇన్‌చార్జ్‌కి చెప్పాల్సిందే. 30 దాటితే అది తీవ్రమైన కేసు, ఆక్సిమీటర్ ఎంత చూపించినా సరే.

ఇక మిగతావి

లెక్కపెట్టకుండా 20 రాయకండి. టైము దొరక్కపోతే గడి ఖాళీగా వదిలి, ఎందుకో చెప్పండి. ఖాళీ గడిని ఎవరైనా గమనిస్తారు, దొంగ 20ని గమనించరు.

లక్షణాలు మొదలైన తేదీ అడిగి షీట్ పైనే రాయండి. చాలామందికి పరిస్థితి విషమించేది రెండో వారం మొదలయ్యే సమయంలోనే.

నెయిల్ పాలిష్ తీయించండి. చల్లబడ్డ వేలిని వెచ్చబరచండి. అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. నల్లటి చర్మం మీద ఆక్సిమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది.

నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ మీద 95, మామూలు గాలి మీద 95 ఒకటి కాదు. అంకె పక్కన ఫ్లో, అంటే నిమిషానికి ఎన్ని లీటర్లో, రాయండి.

నడిపించి ఆక్సిజన్ పడుతుందేమో చూడటం స్టాఫ్ నర్సు పక్కనుంటేనే, ఆక్సిజన్ లేకుండా 96, ఆపైన ఉన్నవాళ్లకే. 3 పాయింట్లు పడితే ఆపేయండి.

ఆక్సిజన్ మీదున్న పేషెంటుని ఒంటరిగా బాత్రూమ్‌కి పంపకండి.

స్టెరాయిడ్ మొదలైందా, షుగర్ చూడండి. ఇదివరకు షుగర్ లేదన్నా చూడండి.

ఒక కాలి పిక్క మాత్రమే వాచిందా? లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పిసక్కండి, చెప్పండి.

ముసలివాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే వయసు అని సరిపెట్టకండి. ఆక్సిజన్ చూడండి, ఊపిరి లెక్కపెట్టండి. నిమిషం నిండుగా.

మాస్కు గురించి ఒక్క మాటే: అన్నిటికంటే చివర్న, గది బయటికి వచ్చాకే తీయండి.

30 దాటిందని రాసి ఊరుకోకండి. డ్యూటీ డాక్టర్ని పిలవండి. పిలిచిన టైము రాయండి. రాకపోతే మళ్లీ పిలవండి, ఆ టైమూ రాయండి.