డ్రమ్ముల్లో విమాన ఇంధనం విమానంలో పంపాలంటే: దరఖాస్తు ఎప్పుడు, ఎలా

రోడ్డు లేని చోట హెలికాప్టర్ ఆగి ఉంది, నాలుగు డ్రమ్ముల ఇంధనం చేర్చాలి. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే నిబంధనల నుంచి మినహాయింపు కోరుతూ పౌర విమానయాన అధికారులకు దరఖాస్తు రాసేస్తారు. తొందరపడొద్దు. డ్రమ్ములో ఉన్నది ఏ ఇంధనమో ముందు తేల్చుకోండి. దాన్నిబట్టి అసలు దరఖాస్తే అక్కర్లేకపోవచ్చు.

టర్బైన్ ఇంజిన్లకు వాడే జెట్ ఏ-1 ఫ్లాష్ పాయింట్ కనీసం 38 డిగ్రీలు. అంటే అంతకంటే చల్లగా ఉన్నప్పుడు నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి రాదు. అందుకే యూఎన్ 1863 (ప్రమాదకర సరుకుల గుర్తింపు నంబరు) కింద, మూడో తరగతి అంటే మండే ద్రవాల్లో, తక్కువ ప్రమాదాన్ని సూచించే ప్యాకింగ్ గ్రూప్ 3లో చేర్చారు. సరుకు విమానంలో ఒక్కో ప్యాకేజీకి 220 లీటర్ల దాకా ఒప్పుకుంటారు కాబట్టి 200 లీటర్ల డ్రమ్ము మామూలు నిబంధనల ప్రకారమే వెళ్తుంది. ప్రయాణికుల విమానంలో మాత్రం 60 లీటర్లే.

పిస్టన్ ఇంజిన్ల ఏవ్‌గ్యాస్ సంగతి వేరు. అది పెట్రోలే: యూఎన్ 1203, ఇంకాస్త ప్రమాదకరమైన ప్యాకింగ్ గ్రూప్ 2. సరుకు విమానంలో 60 లీటర్లు, ప్రయాణికుల విమానంలో 5 లీటర్లు, అంతే. నిండు డ్రమ్ము పంపాలంటే మినహాయింపు కోరాల్సిందే.

ఇంకో మెలిక ఉంది. సరుకు విమానమే కదా అని డ్రమ్ముల పక్కన ఖాళీగా ఉన్న సీట్లో ఎవరో తెలిసినవాళ్లను కూర్చోబెడతారు. సిబ్బంది, ఆపరేటర్ (విమానం నడిపే సంస్థ) ఉద్యోగి, ప్రభుత్వ అధీకృత ప్రతినిధి, సరుకు వెంట వెళ్లే మనిషి తప్ప ఇంకెవరు ఎక్కినా అది ప్రయాణికుల విమానమే. 220 కాస్తా 60కి పడిపోతుంది.

మినహాయింపు దరఖాస్తును బయలుదేరే దేశపు పౌర విమానయాన సంస్థకు పెట్టాలి. వేరే దేశానికి వెళ్తుంటే చేరే దేశం, మధ్యలో ఆగే దేశం, దారిలో ఎవరి గగనతలం మీదుగా ఎగురుతారో ఆ దేశం, ఆపరేటర్ దేశం కూడా ఒప్పుకోవాలి. అందుకే వారం ముందు మొదలుపెడితే చాలదు. ఇంధనం పేరు, యూఎన్ నంబరు, డ్రమ్ముల సంఖ్య, ప్యాకింగ్ వివరం, విమానం, మార్గం, తేదీలు రాయడం తేలికే. దరఖాస్తు నిలిచేదీ పడిపోయేదీ కారణం దగ్గర. అత్యవసరమా, వేరే రవాణా కుదరదా, నిబంధన పూర్తిగా పాటిస్తే ప్రజా ప్రయోజనం దెబ్బతింటుందా? వీటిలో ఒకటి చూపించాలి. 'రోడ్డు ఇబ్బందిగా ఉంది' అంటే సరిపోదు. ఏ వంతెన తెగింది, పడవ ఎందుకు వెళ్లదు అన్నది రాయండి. మామూలు పద్ధతికి సమానమైన భద్రత ఎలా కల్పిస్తారో కూడా చెప్పాలి. అనుమతి పత్రం నకలు సరుకు వెంటే వెళ్లాలి.

అనుమతి చేతికొచ్చినా డ్రమ్ము సరిగా లేకపోతే సరుకు వెనక్కే. మూత ఊడని ఉక్కు డ్రమ్ము మీద '1ఏ1' అని మొదలయ్యే యూఎన్ ముద్ర ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి గ్రూప్ 3 ఇంధనానికి 75 కిలోపాస్కల్, పెట్రోలుకు 95 కిలోపాస్కల్ తేడాను డ్రమ్ము తట్టుకోవాలి. అంచుదాకా నింపొద్దు: 55 డిగ్రీల వేడిలోనూ లోపల కొంత ఖాళీ మిగలాలి. 15 డిగ్రీల దగ్గర పోసిన 200 లీటర్ల జెట్ ఏ-1 ఆ వేడికి సుమారు ఏడెనిమిది లీటర్లు ఉబ్బుతుంది. బిరడా కింద వాషరు చీలి ఉంటే కారేది అక్కడే. డ్రమ్మును కాసేపు పడుకోబెట్టి కింద తెల్ల కాగితం పరిస్తే తడి ఇట్టే కనిపిస్తుంది.

మూడో తరగతి మంట లేబులూ, నారింజ రంగు 'సరుకు విమానానికి మాత్రమే' లేబులూ అంటించండి. ఎర్ర చారల అంచున్న షిప్పర్ డిక్లరేషన్ (సరుకు పంపేవారి ప్రకటన పత్రం) మీద శిక్షణ పొందిన వ్యక్తి సంతకం చేయాలి. ఆ శిక్షణకు గడువు 24 నెలలు. డిక్లరేషన్ నకలు కనీసం మూడు నెలలు దాచుకోండి. ప్రమాదకర సరుకు మోసే అనుమతి ఆ ఆపరేటర్‌కు ఉందో లేదో బుకింగ్‌కు ముందే అడగండి. ఉన్నా తన సొంత పరిమితులు పెట్టుకుని ఉండొచ్చు.

తిరుగు ప్రయాణంలో ఖాళీ డ్రమ్ములను మామూలు ఇనుముగా బుక్ చేయకండి. కడిగి ఆవిరి పూర్తిగా పోగొట్టేదాకా వాటి లేబుళ్లు అలాగే ఉండాలి.