వేసవికి మగవాళ్ల సెంటు: వట్టివేళ్ల కొలోన్ ఇంట్లో కలుపుకోవడం

ఎండాకాలం కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడికపై నీళ్లు చల్లితే వచ్చే వాసన తెలియని తెలుగువాళ్లు తక్కువ. మగవాళ్ల వేసవి సెంటుకు అంతకన్నా మంచి పునాది లేదు. నిమ్మజాతి వాసనలు తేలిక. ఒంటి వేడికి గంటలోపే చాలావరకు ఎగిరిపోతాయి. వట్టివేళ్ల నూనె బరువైనది, అవి పోయాక కూడా సాయంత్రం దాకా చర్మంపై నిలుస్తుంది.

షర్బత్‌లో వేసే ఆకుపచ్చ ఖస్ ఎసెన్స్ దీనికి పనికిరాదు. అసలు నూనె గోధుమరంగులో, తేనెలా చిక్కగా ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి పాత్రల్లో బట్టీ పట్టే రూహ్ ఖస్ అనే వట్టివేళ్ల నూనె దొరికితే మరీ మంచిది, ఖరీదు మాత్రం ఎక్కువ.

చుక్కలు లెక్కపెట్టకండి. చిక్కటి నూనె చుక్కా, పలచటి నూనె చుక్కా ఒకే బరువు ఉండవు. 0.01 గ్రాము చూపే త్రాసు కావాలి. 50 మి.లీ. గాజు స్ప్రే సీసాలో బెర్గమోట్ (ఒక నిమ్మజాతి పండు తొక్క నూనె) 0.6 గ్రా., తీపి నారింజ 0.3, లావెండర్ 0.2, యాలకుల నూనె 0.05, వట్టివేళ్ల నూనె 0.35 వేయండి. మొత్తం 1.5 గ్రా. దానిపై పెర్ఫ్యూమ్‌లకు అమ్మే 95 శాతం ఇథనాల్ 23.5 గ్రా. పోస్తే 6 శాతం గాఢత వస్తుంది, అంటే సుమారు 30 మి.లీ. వట్టివేళ్ల నూనె జారకపోతే దాని సీసాను గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచండి. దగ్గరలో పొయ్యి, దీపం ఉండకూడదు.

బెర్గమోట్ కొనేటప్పుడు అందులో ఎండకు చర్మాన్ని కాల్చే బెర్గాప్టెన్ అనే పదార్థం తీసేసినదే అడగండి. మామూలుది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లమచ్చలు పడొచ్చు. తొక్క పిండి తీసిన నిమ్మనూనెతోనూ అదే ప్రమాదం.

కలిపిన వెంటనే ఘాటుగా, విడివిడిగా అనిపిస్తుంది. అప్పుడే నూనెలు పెంచేయడమే అందరూ చేసే తప్పు. మూతపెట్టి చీకటి అల్మారాలో మూడు వారాలు వదిలేయండి. వట్టివేళ్లు ఎక్కువైతే బురద, పొగ వాసన కొడుతుంది, మరుసటిసారి 0.25కి తగ్గించండి. మబ్బుగా మారితే ఇథనాల్‌లో నీళ్లు ఎక్కువున్నట్టు. అడుగున మైనంలా పేరుకుంటే అది నిమ్మజాతి తొక్కలదే కావచ్చు. ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, కాఫీ ఫిల్టర్ కాగితంతో వడకట్టండి.

ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒకరోజు చూడండి. దద్దుర్లు రాకపోతే స్నానం చేసి తుడుచుకున్నాక ఛాతీకి, మెడ వెనక్కి మూడు నాలుగు స్ప్రేలు చాలు. చెమట మీద కొడితే రెండు వాసనలూ కలిసి చెడతాయి. గడ్డం గీసుకున్న వెంటనే మొహానికి వద్దు, చర్మం మండుతుంది. తెల్లచొక్కా మీద గోధుమరంగు మరక పడొచ్చు, బనియనుకు కొట్టుకోండి. నిమ్మజాతి నూనెలు గాలి తగిలి పాడవుతాయి, పాడైనవి దురద పుట్టిస్తాయి. అందుకే ఒక్క వేసవికి సరిపడేంతే కలుపుకోండి. వాసన వార్నిష్‌లా మారితే ఆ సీసా ఇక వాడకండి.