కొత్త రేషన్ కార్డుకు దరఖాస్తు: తెలంగాణలో ఎలా చేయాలి, ఎక్కడ ఆగుతుంది?

నెలాఖరుకు బియ్యం నిండుకుంటున్నాయంటే, చేబదులు అడిగే ముందు ఇంట్లో అందరి పేర్లూ రేషన్ కార్డులో ఉన్నాయో లేదో చూసుకోండి. తెలంగాణలో దీని అధికారిక పేరు ఆహార భద్రత కార్డు. అందులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యం ఉచితం. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డు ఉంటే, ఇంట్లో ఎందరున్నా 35 కిలోలు.

అర్హత లెక్క ఇదీ: ఏడాది ఆదాయం ఊళ్లలో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. భూమి ఉంటే తరి (మాగాణి) 3.5 ఎకరాలు, చెలక (మెట్ట) 7.5 ఎకరాల లోపు ఉండాలి.

దరఖాస్తు మీసేవ కేంద్రంలో ఇవ్వాలి. అందరి ఆధార్ కార్డులు, చిరునామా కోసం కరెంటు బిల్లు లాంటిది, పిల్లల జనన ధ్రువపత్రాలు, పనిచేసే ఫోన్ నంబరు తీసుకెళ్లండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే కుటుంబ యజమాని కాబట్టి ఫారంలో ముందు ఆమె పేరు రాయండి. రసీదు మీదున్న మొత్తం కంటే ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. ఆ రసీదు మాత్రం పారేయకండి, తర్వాత ఏది అడగాలన్నా అందులోని దరఖాస్తు నంబరే ఆధారం.

ఇక్కడిదాకా తేలికే. చాలా దరఖాస్తులు ఆగేది పాత కార్డు దగ్గర. పెళ్లయి వేరు కాపురం పెట్టిన జంటనే తీసుకోండి. అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో, అబ్బాయి పేరు వాళ్ల నాన్న కార్డులో ఉండిపోతాయి. ఆధార్ నంబరు కొట్టగానే కంప్యూటర్ ఆ సంగతి పట్టేస్తుంది. ఒక మనిషి రెండు కార్డుల్లో ఉండటానికి వీల్లేదు. అందుకని ముందు ఆ రెండు కార్డుల నుంచి పేర్లు తీయించాలి. దానికీ మీసేవలోనే వేరే దరఖాస్తు ఉంటుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పేరు తీసిన నెల నుంచి పుట్టింట్లో 6 కిలోలు తగ్గుతాయి, కొత్త కార్డేమో ఇంకా చేతికి రాదు. అంటే మధ్యలో ఆ మనిషి బియ్యం ఎటూ రావు. ఇది అన్యాయమే అయినా ప్రస్తుతానికి పద్ధతి ఇంతే. కాబట్టి మిగతా కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాకే పేరు తీయించండి, తీసినట్టు తేలగానే కొత్త దరఖాస్తు పెట్టేయండి. ఆధార్‌లో పేరు తప్పుగా పడి ఉంటే అది కూడా ముందే దిద్దించుకోండి. కొత్తగా పుట్టిన బిడ్డకైతే కొత్త కార్డు అక్కర్లేదు, ఉన్న కార్డులోనే పేరు ఎక్కించమని అడిగితే చాలు.

తర్వాత తహసీల్దార్ ఆఫీసు నుంచి విచారణ ఉంటుంది. కూలికి పోయేవాళ్ల ఇల్లు పగలంతా తాళమేసి ఉంటుంది కదా, పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. తెలియని నంబరు నుంచి ఫోనొచ్చినా ఎత్తండి. అయితే ఓటీపీ అడిగితే మాత్రం చెప్పకండి.

కార్డు మంజూరయ్యాక ఈ-కేవైసీ, అంటే కార్డులో ఉన్నది మీరేనని ఆధార్‌తో సరిచూడటం మిగులుతుంది. రేషన్ షాపుకెళ్లి ఈ-పోస్ యంత్రం మీద అందరూ వేలిముద్ర వేయాలి. మట్టిపని, సిమెంటు పని చేసేవాళ్ల వేలిగీతలు అరిగిపోయి యంత్రం ఎర్ర లైటు చూపిస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు కంటిపాప స్కాన్ చేయమని డీలర్‌ను అడగండి. పిల్లలకు ఐదేళ్లు నిండాక, మళ్లీ పదిహేనేళ్లప్పుడు ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. లేకపోతే ఈ-కేవైసీ వాళ్ల దగ్గరే ఆగిపోతుంది. రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చు, పనికోసం ఊరు మారినా కార్డు మార్చుకోనక్కర్లేదు.

కార్డు వచ్చేదాకా పొయ్యి ఆగదు కదా. గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో ఆహారం పెడతారు. సర్కారు బడిలో ఎనిమిదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం కూడా ఆ ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. ఈ రెండింటికీ రేషన్ కార్డు అడగకూడదు.

దరఖాస్తు కదలకపోతే ముందు తహసీల్దార్ ఆఫీసులో నంబరు చూపించి ఏ దశలో ఆగిందో అడగండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రసీదు జిరాక్స్ జతచేసి అర్జీ ఇవ్వండి. డీలర్ తూకం తక్కువ వేసినా, షాపు తెరవకపోయినా 1967కు ఫోన్ చేయొచ్చు.