చార్టరును ముట్టుకోకుండా సర్వప్రతినిధి సభను సంస్కరించే దారి

ఐక్యరాజ్యసమితి సంస్కరణల గురించి మన పత్రికల్లో ఎప్పుడు చర్చ వచ్చినా అది భద్రతామండలిలో భారత్‌కు శాశ్వత సభ్యత్వం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. 193 దేశాలకు తలా ఒక ఓటు ఉన్న సర్వప్రతినిధి సభ పనితీరును ఎలా మెరుగుపరచవచ్చో పట్టించుకునేవారు తక్కువ. నమూనా ఐరాస సమావేశాలకు సిద్ధమయ్యే విద్యార్థులు గాని, అంతర్జాతీయ సంబంధాల మీద పరిశోధన చేసేవారు గాని ఈ సభ గురించి ఒక సంస్కరణ ప్రతిపాదన రాయవలసి వస్తే ఏ వరుసలో ఆలోచించాలో ఇక్కడ చెబుతాను.

కలం పట్టుకునే ముందు తేల్చుకోవలసినది, మీరు కోరుతున్న మార్పుకు ఐరాస మూల ఒప్పందమైన చార్టరు సవరణ అవసరమా కాదా అన్నది. 108వ అధికరణం ప్రకారం సవరణకు సభ్యదేశాల్లో మూడింట రెండు వంతులు, అంటే నేటి లెక్కలో 129 దేశాలు, ఓటు వేయాలి. ఆపైన అన్నే దేశాలు తమ తమ రాజ్యాంగ పద్ధతుల్లో ఆమోదించాలి. వాటిలో భద్రతామండలి ఐదు శాశ్వత సభ్యదేశాలూ తప్పక ఉండాలి. ఇది అసాధ్యమేమీ కాదు. భద్రతామండలిని 11 నుంచి 15 స్థానాలకు పెంచే తీర్మానాన్ని 1963లో ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ వ్యతిరేకించినా, 1965 నాటికి ఐదు దేశాలూ దాన్ని ఆమోదించాయి. కాని ఆ తరువాత మండలి కూర్పు మళ్లీ మారలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నట్టు, సభ చేతిలోనే ఉన్న అధికారంతో ఎంత దూరం పోవచ్చో ముందు చూడాలి. 21వ అధికరణం తన కార్యవిధాన నియమాలను తానే రాసుకునే హక్కును సభకు ఇచ్చింది. ఒక కమిటీ పరిశీలించి నివేదిక ఇచ్చాక, హాజరై ఓటు వేసిన దేశాల్లో మెజారిటీ ఉంటే ఆ నియమాలను సవరించవచ్చు. అక్కడ ఎవరికీ వీటో లేదు.

అందువల్ల పని మొదలుపెట్టవలసిన చోటు ఎజెండా. ప్రస్తుతం అందులో 170కి పైగా అంశాలున్నాయి. ఇన్ని ఎలా పోగుపడ్డాయో తెలియాలంటే ఏదైనా ఒక పాత తీర్మానాన్ని తీసి చివరి పేరాలు చదివితే చాలు. ఒక పేరా, ఈ విషయం మీద వచ్చే సమావేశాలకు నివేదిక సమర్పించవలసిందిగా ప్రధాన కార్యదర్శిని కోరుతుంది. మరొకటి, ఇదే శీర్షికను ఆ సమావేశాల తాత్కాలిక ఎజెండాలో చేర్చాలని నిర్ణయిస్తుంది. మరుసటి ఏడాది ఆ నివేదిక వస్తుంది, దాన్ని గమనంలోకి తీసుకుంటూ కొత్త తీర్మానం వస్తుంది, దాని చివర మళ్లీ అవే రెండు పేరాలుంటాయి. ఎవరూ తప్పు చేయకపోయినా అంశానికి మరణం ఉండదు.

మీ ప్రతిపాదనలో ఆ రెండు పేరాల స్థానంలో ఏం రాయాలో మాటలతో సహా చూపించండి. ఉదాహరణకు: “ఈ అంశాన్ని మూడేళ్లకు ఒకసారి పరిశీలించాలనీ, ఆ సమయానికి కనీసం ఒక సభ్యదేశమైనా రాతపూర్వకంగా కోరకపోతే అది ఎజెండా నుంచి తొలగిపోతుందనీ నిర్ణయిస్తుంది.” ఇందులో ఏ దేశం హక్కునూ తీసివేయడం లేదు. కొనసాగించాలనుకునే దేశం ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది. ఇప్పుడు అంశాన్ని ఆపాలనుకునేవారు పోరాడవలసి వస్తోంది. కొనసాగాలనుకునేవారే చేయి ఎత్తాలని ఈ వాక్యం అంటుంది.

నివేదికల సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఐరాస 80 పేరిట 2025లో ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ చేయించిన సమీక్ష ప్రకారం, అంతకు ముందు ఏడాది ఐరాస వ్యవస్థ 240 సంఘాలకు సంబంధించిన 27,000 సమావేశాలకు ఏర్పాట్లు చేసింది. సచివాలయం 1,100 నివేదికలు తయారుచేసింది. వాటిలో ప్రతి ఐదింటిలో ఒకదాన్ని వెయ్యిమంది కూడా డౌన్‌లోడ్ చేసుకోలేదు. నివేదికలు ఎక్కువగా చదవడం లేదన్న విషయం కూడా మనకు ఒక నివేదిక ద్వారానే తెలిసింది.

అయితే ఇలాంటి అంకెలు చూసి మొత్తాన్ని ఒకేసారి ఊడ్చివేయాలని ప్రతిపాదించకండి. 2005 ఐరాస శిఖరాగ్ర సమావేశం, తీర్మానాలు అప్పగించిన బాధ్యతల్లో ఐదేళ్లు దాటినవన్నిటినీ సమీక్షించమన్నప్పుడు అవి 9,000కు పైగా తేలాయి. ప్రతి ఒక్కదాని వెనుకా దాన్ని కన్నబిడ్డలా చూసుకునే ఏదో ఒక దేశం ఉంది. తమ బిడ్డ తప్ప మిగిలినవన్నీ అనవసరమే అన్న ధోరణిలో చర్చ సాగి, 2008 నాటికి చెప్పుకోదగ్గ ఫలితం లేకుండానే ఆగిపోయింది. పాతవాటిని తవ్వడం కంటే కొత్తగా వచ్చే ప్రతి తీర్మానానికీ గడువు పెట్టడమే తేలిక.

ప్రసంగాల నిడివి మీద మాత్రం ఎక్కువ శ్రమ పెట్టవద్దు. సాధారణ చర్చలో ఒక్కో నాయకుడికి 15 నిమిషాలన్నది స్వచ్ఛంద పరిమితి మాత్రమే; 1960లో క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రో నాలుగున్నర గంటల పాటు మాట్లాడిన సభ అది. కశ్మీర్ మీద 1957లో దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడిన వి.కె.కృష్ణమీనన్ పేరును కొందరు ఇక్కడ జోడిస్తుంటారు గాని, ఆయన మాట్లాడినది భద్రతామండలిలో.

ఇక అధికారం విషయంలో సభ తన బలాన్ని ఎలా పెంచుకోగలదో నేర్చుకోవడానికి 2022 ఏప్రిల్ 26న ఆమోదం పొందిన 76/262 తీర్మానాన్ని మించిన పాఠం లేదు. దీన్ని ముందుకు తెచ్చినది లీక్టెన్‌స్టైన్ అనే చిన్న దేశం. భద్రతామండలిలో ఎవరైనా వీటో వేస్తే పది పనిదినాలలోగా సర్వప్రతినిధి సభ అధ్యక్షుడు సభను సమావేశపరచి ఆ పరిస్థితి మీద చర్చ జరపాలని అది శాసిస్తుంది. దీని నిర్మాణాన్ని జాగ్రత్తగా గమనించండి. వీటో హక్కును ఇది ఎక్కడా తప్పుపట్టదు. మండలి పరిశీలనలో ఉన్న వివాదం మీద సభ సిఫారసు చేయరాదని 12వ అధికరణం అంటుంది గనుక, ఇది సిఫారసు చేయమని కోరకుండా చర్చతోనే ఆగుతుంది. వక్తల జాబితాలో వీటో వేసిన దేశానికే ముందు వరుస ఇస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతిసారీ ఎవరో ఒకరు కోరవలసిన అవసరం లేకుండా సమావేశం దానంతటదే జరిగేటట్టు చేస్తుంది. ఇంత ఒద్దికగా రాశారు కాబట్టే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కూడా సహ ప్రతిపాదకులుగా చేరాయి, ఓటింగ్ లేకుండానే తీర్మానం నెగ్గింది. ఉత్తర కొరియా విషయంలో మే 26న చైనా, రష్యాలు వీటో వేయగా, జూన్ 8న తొలి చర్చ జరిగింది. ఆ చర్చల వల్ల వీటోలు ఆగలేదన్నది నిజమే. కాని వీటో వేసిన దేశం మిగిలిన ప్రపంచం ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసిన వేదిక ఒకటి ఏర్పడింది, అది కూడా చార్టరులో ఒక్క అక్షరం మారకుండా.

ప్రధాన కార్యదర్శి ఎంపిక రెండో ఉదాహరణ. మండలి ఒకే ఒక పేరు పంపడం మంచిదని 1946లో సభ తానే ఒక తీర్మానంలో ఒప్పుకుంది. ఆ తరువాత దశాబ్దాల పాటు వచ్చిన పేరుకు ముద్ర వేయడమే దాని పని అయింది. 2015 నాటి 69/321 తీర్మానం అభ్యర్థుల పేర్లను, వారి వివరాలను బహిరంగపరచి, సభ్యదేశాలతో ముఖాముఖి నిర్వహించేటట్టు చేసింది. 2016లో అభ్యర్థులందరూ అలా ప్రశ్నలు ఎదుర్కొన్నారు. అయినా మండలి నుంచి ఒకే పేరు రావడం అన్న అలవాటు మారలేదు. నా దృష్టిలో తరువాతి ప్రతిపాదన రాయవలసినది ఇక్కడే: రెండు పేర్లు పంపాలని సభ మండలిని కోరవచ్చు. ఒకే పేరు అన్నది చార్టరులో లేదు, సభ రాసుకున్న తీర్మానంలోనే ఉంది.

సభ అధ్యక్ష పీఠం గురించి క్లుప్తంగా చెబుతాను. పదవీకాలం ఒక్క ఏడాది. కార్యాలయ సిబ్బందిలో చాలామంది సభ్యదేశాలు అరువిచ్చినవారు. ఎన్నికను సమావేశాలకు కనీసం మూడు నెలల ముందుకు జరపడం, 2016లో ప్రమాణస్వీకారాన్ని, నైతిక నియమావళిని తీసుకురావడం రెండూ మంచి మార్పులే. శాశ్వత సిబ్బందిని పెంచడం మిగిలి ఉంది. దానికి డబ్బు కావాలి గనుక బడ్జెట్ వ్యవహారాలు చూసే ఐదవ కమిటీకి వెళ్లాలి, ఏ ప్రతిపాదనకైనా అసలు పరీక్ష అక్కడే.

చివరిగా, ఓట్లు. సభలో ఎక్కువ తీర్మానాలు ఏకాభిప్రాయంతోనే నెగ్గుతాయి. ఆ ఏకాభిప్రాయం కోసం ఒక్కో పదం తీసేస్తూ పోతే మిగిలేది ఎవరికీ అభ్యంతరం లేని, ఎవరినీ కదిలించని వాక్యం. కాబట్టి ఏ పదం పోతే ప్రతిపాదనే పోతుందో ముందే గుర్తుపెట్టుకుని, దానికోసం ఓటింగ్‌కు సిద్ధపడండి. ఓటింగ్‌కు దూరంగా ఉన్నవారు లెక్కలోకి రారు. 2022 మార్చి 2న ఉక్రెయిన్ తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటు వేయగా, భారత్‌తో సహా 35 దేశాలు దూరంగా ఉన్నాయి. అక్కడ ఆమోదానికి కావలసిన మూడింట రెండు వంతుల మెజారిటీని లెక్కించినది 146 ఓట్ల మీదే, 193 మీద కాదు. 134 వర్ధమాన దేశాల జి-77 కూటమి మద్దతు లేకుండా ఏ కార్యవిధాన సవరణా నిలబడదు గనుక ముసాయిదాను మొదట చూపవలసింది వారికే. సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు సభకున్న ఆరు ప్రధాన కమిటీలూ ఊపిరి సలపని పనిలో ఉంటాయి. ఆ రద్దీ తగ్గాక, సభ పునరుత్తేజం కోసమే ఏర్పాటైన తాత్కాలిక కార్యబృందం కూర్చునే నెలల్లో దాన్ని ముందు పెట్టండి. ఆ కార్యబృందాన్ని కూడా ఏటేటా పునరుద్ధరిస్తూ వస్తున్నారు. మీ గడువు వాక్యాన్ని ముందుగా దానికే వర్తింపజేయమని ఎవరైనా అడిగితే కాదనకండి.