వండర్ ఉమన్ సంపుటాలు ఎంచుకోవడం – 3వ పాఠం: వెనక అట్ట మీది చిన్న అక్షరాలు

కిందటి పాఠంలో వండర్ ఉమన్ కామిక్స్ సంపుటాల్లో పేపర్‌బ్యాక్, హార్డ్‌బౌండ్, ఆమ్నిబస్ (బోలెడు ఇష్యూలు కలిపి వేసిన బరువైన పుస్తకం) తేడాలు చూశాం. పడుకుని చదివే అలవాటున్నవాళ్లు ఆమ్నిబస్ జోలికి పోవద్దని కూడా చెప్పాను. ఇవాళ మీ దగ్గరున్న సంపుటం, అంటే పత్రికగా విడివిడిగా వచ్చిన ఇష్యూలను కలిపి వేసిన పుస్తకం, ఏదైనా ఒకటి ముందు పెట్టుకోండి. ముఖచిత్రం వద్దు, తిరగేయండి. వెనక అట్ట అడుగునో, లోపల కాపీరైట్ పేజీలోనో చీమల బారులా ఒక వరుస ఉంటుంది: ఈ పుస్తకంలో ఏ పత్రిక, ఏ ఇష్యూ నుంచి ఏ ఇష్యూ దాకా ఉన్నాయో చెప్పే వరుస. పాఠమంతా దాని మీదే.

వెన్ను మీది ‘వాల్యూమ్ 1’ని ఎందుకు నమ్మకూడదో ముందు చూద్దాం. వండర్ ఉమన్ సొంత పత్రిక 1942లో మొదలైంది. తర్వాత 1987, 2006, 2011, 2016, 2023లలో మళ్లీ 1వ ఇష్యూ నుంచి మొదలుపెట్టారు. అంటే 1వ ఇష్యూలే ఆరు! ఒక్కో రచయిత పేరు మీద వేసిన సంపుటాలు, పాతవాటికి కొత్త అట్ట వేసి మళ్లీ అచ్చేసినవి కలిపితే ‘వాల్యూమ్ 1’లు ఎన్నున్నాయో లెక్కపెట్టడం నేను మానేశాను. అందుకే ఇష్యూ నంబరుతో పాటు సంవత్సరం కూడా చూసుకోవాలి.

నేను దెబ్బతిన్నది కూడా ఇక్కడే. జార్జ్ పెరెజ్ 1987లో మొదలుపెట్టిన కథల్లో మొదటి ఏడు ఇష్యూలు ‘గాడ్స్ అండ్ మోర్టల్స్’ పేరుతో ఒక పుస్తకంగా వచ్చాయి. అది నా దగ్గర ఉంది. కొన్నేళ్లకు పెరెజ్ పేరుతోనే లావుపాటి ‘వాల్యూమ్ 1’ కనబడితే, పేరు వేరు కదా, కొత్తదే అనుకుని కొనేశాను. అందులో 1 నుంచి 14 దాకా ఉన్నాయి. సగం పుస్తకానికి రెండోసారి డబ్బు పెట్టానన్న సంగతి ఇంటికొచ్చి చదవబోతే గానీ తెలియలేదు. వెనక అట్ట మీద అంతా అచ్చేసే ఉంది, చదవనిది నేనే.

ఇక అంకెలు మధ్యలో గెంతుతుంటే కంగారు పడకండి. 2006లో మొదలైన వరుస 44వ ఇష్యూతో ఆగి, ఆ తర్వాతది ఏకంగా 600 అయింది. 2016 వరుస 83 దాటగానే 750 అయింది. పాత వరుసలన్నీ కలిపి లెక్కేసి పెద్ద నంబరు వేసుకున్నారంతే. మధ్యలో పుస్తకాలు పోలేదు, వెతుక్కుంటూ టెన్షన్ పడొద్దు.

గెంతడంలో అసలు చిక్కు 2016 వరుసలో ఉంది. పత్రిక నెలకు రెండుసార్లు వచ్చేది. గ్రెగ్ రకా బేసి ఇష్యూల్లో ఒక కథ, సరి ఇష్యూల్లో మరో కథ నడిపాడు. పేపర్‌బ్యాక్ వేసినప్పుడు వాటిని విడదీశారు: 1, 3, 5, 7, 9, 11 ‘ద లైస్’లోకి, 2, 4, 6 మొదలు 14 దాకా ‘ఇయర్ వన్’లోకి వెళ్లాయి. మొదటిది ఇప్పటి కథ, లియామ్ షార్ప్ గీశాడు. రెండోది వండర్ ఉమన్ తొలినాళ్ల కథ, నికోలా స్కాట్ గీసింది. ఈ విడదీయడం నాకు సగమే నచ్చింది. ‘ఇయర్ వన్’ ఒక్కటే చదివినా నిండుగా ఉంటుంది, కొత్తవాళ్లకు నేను మొదట చేతిలో పెట్టేది కూడా అదే. కానీ రెండు కథలూ ఒకదాన్నొకటి తడుముకుంటూ సాగేలా రాసినవి. ఆ రుచి కావాలంటే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, ఇందులో ఒక ఇష్యూ, అందులో ఒక ఇష్యూ చదవండి. నేను రెండు బుక్‌మార్కులతో అలాగే చదివాను. ‘ద ట్రూత్’, ‘గాడ్‌వాచ్’ కూడా ఇలాంటి జంటే.

వెనక అట్ట మీది వరుసలో వేరే పత్రిక పేరు కనిపిస్తే సంతోషించండి. ‘ల్యాండ్ ఆఫ్ ద డెడ్’ సంపుటంలో వండర్ ఉమన్ 214–217తో పాటు ఫ్లాష్ 219 కూడా చేర్చారు, ఎందుకంటే కథ ఆ ఫ్లాష్ ఇష్యూలోనే మొదలవుతుంది. దీనికి పూర్తిగా ఎదురు ‘శాక్రిఫైస్’ కథ. ఆ కథలో వండర్ ఉమన్ 219 నాలుగో భాగం. మొదటి మూడూ సూపర్‌మ్యాన్ 219, యాక్షన్ కామిక్స్ 829, అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్ 642లలో వచ్చాయి. అవి చదవకుండా నాలుగోది తెరిస్తే సినిమాకి ఇంటర్వెల్ తర్వాత వెళ్లినట్టే ఉంటుంది. (ఈ 219కీ ఈ పత్రికలకీ ఏ జన్మ బంధమో!)

1940ల కథలకైతే ఈ వరుస ఇంకా పొడుగ్గా ఉంటుంది. మార్‌స్టన్ రాయగా పీటర్ గీసిన ఆ కథలు ఆల్ స్టార్ కామిక్స్ 8తో మొదలై సెన్సేషన్ కామిక్స్, సొంత పత్రిక, కామిక్ కావల్కేడ్‌లలో చెల్లాచెదురుగా వచ్చాయి. సెన్సేషన్ పేరు లేని సంపుటం చేతికొస్తే, ఆ కాలం కథల్లో చాలా భాగం బయటే ఉండిపోయిందని గుర్తు.

ఇంటిపని: 2011లో మొదలైన అజారెల్లో, క్లిఫ్ చియాంగ్‌ల వరుసలోని ‘బ్లడ్’ సంపుటంలో 1 నుంచి 6 దాకా ఉన్నాయి. అప్పట్లో ఇష్యూకి కథ 20 పేజీలు. కథ మొత్తం ఎన్ని పేజీలో లెక్కకట్టి, అమ్మేవాళ్లు చెప్పే పేజీల సంఖ్యతో పోల్చండి. మిగిలిన పేజీల్లో ఏముంటుందో ఊహించి రాసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.