చైనా తేయాకు పాటల మేళం – 4వ పాఠం: ఒకరు అల్లితే ఒకరు ఆగాలి

పోయిన పాఠంలో డి శ్రుతి దీజి వేణువు మీద స రి గ ప ద పలికించాం. మోహన వచ్చినవాళ్లకు ఈ స్వరాలు కొత్త కావు, కాకపోతే గమకాలు కట్టిపెట్టాలి. దక్షిణ చైనా కొండల్లో ఆకు కోస్తూ పాడుకునే పాటలు ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతాయి. షాంఘై టీ శాలల్లో వినిపించే, తీగ వాద్యాలూ వెదురు వేణువులూ కలిసే ‘సిజూ’ మేళం పద్ధతిలో ఈసారి ఓ చిన్న వరస కడదాం.

ముందు పొర సంగతి. ఊదే రంధ్రానికీ వేళ్ల రంధ్రాలకీ మధ్య అంటించే రెల్లు పొర ఇది. వెల్లుల్లి రెబ్బ కోసి అంచుకు రుద్దితే జిగురు అక్కర్లేదు. సన్నని ముడతలు వేణువుకు అడ్డంగా రావాలి. మరీ బిగిస్తే మంద్రం మూగబోతుంది, వదిలేస్తే తారస్థాయిలో బరబరమంటుంది. ఊపిరి తేమకు మళ్లీ వదులవుతుంది కాబట్టి మధ్యలో ఓసారి సర్దుకోండి.

ఎముక స్వరాలు, అంటే వరసను నిలబెట్టే అసలు స్వరాలు, ఇవి; నిమిషానికి 60 దెబ్బలు:

ప గ | రి స | (మంద్ర) ద స | రి –

మొదటి నాలుగు దెబ్బలు వేణువు అల్లుతుంది, అంటే ఎముకల మధ్య చిన్న స్వరాలు నింపుతుంది: పదపద గపగరి | రిగరిస సరిసద (చివరి ద మంద్రం). ప్రతి దెబ్బా ఎముక స్వరంతోనే మొదలవడం గమనించారా? అది జారితే అల్లిక కాదు, వేరే పాట. రెండు ‘రి’లు పక్కపక్కన పడ్డచోట నాలుకతో కొట్టొద్దు, పైనుంచి రెండో వేలు రెప్పపాటు ఎత్తి వేయండి. ‘స’ దగ్గర మూడో వేలు.

అంతసేపూ ఎర్హు (కమానుతో వాయించే రెండు తీగల వాద్యం) ఎముకలే లాగాలి, ఒక్కో స్వరానికి ఒక కమాను. తర్వాతి నాలుగు దెబ్బల్లో పాత్రలు తారుమారు.

అక్కడే ఓ చిక్కుంది. ఎర్హు లోపలి తీగ స, బయటి తీగ ప. వేణువుకు స్థాయి కింద వాయిస్తూ వచ్చి ‘ద’ దగ్గర ఇంకా దిగబోతే తీగే లేదు. అందుకే ఆ ‘ద’ను బయటి తీగ మీద మొదటి వేలితో పై స్థాయికి మడవాలి. వేణువు దిగుతుంటే ఎర్హు ఎగురుతుంది. తప్పులా అనిపిస్తుంది గానీ, ఈ మేళానికి రుచే అది.

ఇద్దరూ ఒకేసారి అల్లితే మాత్రం సంత గోలే. అలా అయితే ఇద్దరూ ఎముకలకు తిరిగొచ్చి, పదిసార్లు వాయించాక ఒకరే అల్లడం మొదలుపెట్టండి. 80 దాకా వెళ్లగలిగాక 5వ పాఠంలో తీగల్ని కొట్టి వాయించే యాంగ్‌చిన్ సుత్తులు పట్టుకుందాం.