అవ్వ తిరుగు ఫ్లైటెక్కకముందే: అమెరికాలో పసిబిడ్డకు మొదటి ప్రీస్కూల్

నెల్లూరు, ఒంగోలు, కావలి వైపు నుంచి అమెరికా వచ్చిన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది ఇది. పసిబిడ్డను చూసుకునేందుకు ఊరి నుంచి అవ్వ వస్తుంది. విజిటర్ వీసా మీద ఒక్కో రాకకు మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. గడువు అయిపోతుంది, ఆమె వెళ్ళిపోతుంది, ఆ సోమవారమే రెండేళ్ళ బిడ్డను పూర్తిరోజు డేకేర్‌లో దింపుతారు. అన్నం పెట్టే చెయ్యి, జోకొట్టే ఒడి, చెవిన పడే మాట, పగలు పడుకునే చోటు అన్నీ ఒక్క వారంలో మారిపోతాయి. బిడ్డ ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటే స్కూలు మంచిది కాదంటారు. చాలాసార్లు తప్పు స్కూలుది కాదు, ముహూర్తానిది.

పెద్దవాళ్ళ తిరుగు టికెట్‌కు ఆరు వారాలైనా ముందు మొదలుపెట్టండి. పొద్దున రెండు మూడు గంటలు స్కూలు, మధ్యాహ్నం ఇంట్లో అవ్వ చేతి పప్పన్నం. అప్పుడు బిడ్డకు కొత్తది ఒక్కటే అవుతుంది. సీటు వెతుకులాట అంతకన్నా చాలా ముందు మొదలవ్వాలి. చాలాచోట్ల తరగతులు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి, పేర్లు మాత్రం జనవరి నుంచి మార్చి లోపే రాయించుకుంటారు. రిజిస్ట్రేషన్ ఫీజు సాధారణంగా వెనక్కి రాదు. అందుకని చూడకుండా నాలుగుచోట్ల కట్టకండి.

ఇంట్లో ఎవరో ఒకరు ఉంటే, పూర్తిరోజు డేకేర్ కన్నా వారానికి రెండు మూడు పూటలు నడిచే కార్యక్రమం మేలు. దక్షిణాది రాష్ట్రాల్లో చర్చిలు నడిపే ‘పేరెంట్స్ డే అవుట్’ ఇలాంటిదే. పొద్దున తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం ఒకటికో రెండుకో అయిపోతుంది. బైబిలు కథలు, పాటలు ఉంటాయి. మీకు అది సమ్మతమో కాదో ముందే అనుకోండి. కో-ఆప్ ప్రీస్కూల్లో తల్లిదండ్రులు వంతులవారీగా తరగతిలో సాయం చేయాలి. అక్కడ ఫీజు తక్కువ, అమ్మో నాన్నో బిడ్డ కళ్ళముందు ఉంటారు. మన తెలుగువాళ్ళు ఇంట్లో నడిపే డేకేర్లలో బువ్వ, భాష రెండూ కలిసొస్తాయి. అయినా లైసెన్స్ నంబరు అడగడానికి మొహమాటపడకండి, ‘మన కందుకూరు వాళ్ళే’ అన్నది లైసెన్స్ కాదు. మాంటిస్సోరి పేరు అడయారు రోజుల నుంచీ (ఆ పద్ధతి పెట్టిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చింది) మన వైపు పాతదే. అమెరికాలో ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. మాంటిస్సోరి సంఘాలైన ఏఎంఐ గానీ ఏఎంఎస్ గానీ ఇచ్చిన గుర్తింపు ఉందా అని అడగండి. ఏదీ కుదరకముందు పబ్లిక్ లైబ్రరీలో పసిపిల్లల స్టోరీటైమ్‌కు తీసుకెళ్ళండి. ఉచితం, మీ ఒళ్ళోనే కూర్చుంటుంది, పదిమంది పిలకాయల మధ్య ఇంగ్లీషు పాట వినడం అక్కడే అలవాటవుతుంది.

బిడ్డ కుదురుకోవడానికి బొమ్మలకన్నా, భవనంకన్నా ముఖ్యమైనది ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలన్న లెక్క. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో రెండేళ్ళ పిల్లలు 11 మందికి ఒక్క టీచరున్నా నిబంధన ప్రకారం సరిపోతుంది. న్యూజెర్సీలో ఏడాదిన్నర నుంచి రెండున్నర ఏళ్ళ వరకు ఆరుగురికి ఒకరు ఉండాలి. బాల్యవిద్యా సంస్థ ఎన్‌ఏఈవైసీ కూడా రెండేళ్ళ పిల్లలకు ఆరుగురికి ఒకరినే చెబుతుంది. కాబట్టి టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు ‘నిబంధన ప్రకారమే ఉన్నాం’ అన్న జవాబుతో లేచి రాకూడదు, ‘పదకొండు గంటలకు ఈ గదిలో ఎంతమంది ఉంటారు?’ అని అడగాలి. తనిఖీ నివేదికలు రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెడుతుంది. చైల్డ్‌కేర్ డాట్ గవ్‌లో మీ రాష్ట్రం ఎంచుకుంటే దారి దొరుకుతుంది. కాగితాలు ఆలస్యమైన తప్పు వేరు, పిల్లల్ని గమనించకుండా వదిలేసిన తప్పు వేరు. రెండోది ఒక్కసారి ఉన్నా ఆ స్కూలు వదిలేయండి. కొన్ని రాష్ట్రాల్లో తక్కువ గంటల కార్యక్రమాలకు లైసెన్స్ మినహాయింపు ఉంటుంది, అక్కడ తనిఖీ నివేదికే దొరకదు. అలాంటిచోట మీ కళ్ళే తనిఖీ.

చూడటానికి భోజనానికి ముందు వేళ వెళ్ళండి, పిల్లలు ఆకలితో చిరాకుపడే సమయం అది. ఏడ్చే బిడ్డ దగ్గరికి టీచరు వంగి కూర్చుందా, నిలబడే పిలిచిందా చూడండి. ఈ గదిలో టీచర్లు ఎన్నాళ్ళుగా ఉన్నారో అడగండి, రెండు మూడు నెలలకొకరు మారేచోట బిడ్డ ఎవరికీ అలవాటు పడదు. మనవాళ్ళు ముందుగా అడిగేది ‘ఏబీసీడీలు రాయిస్తారా?’ అని. రెండేళ్ళ బిడ్డకు వర్క్‌షీట్ పెట్టే స్కూలు దొరికితే సంతోషించకండి. అడగాల్సింది ‘మొదటి వారం నేను లోపల కూర్చోవచ్చా? గంటలు మెల్లగా పెంచనిస్తారా?’ అని. తలుపు దగ్గరే ఇచ్చి వెళ్ళిపోవాలని చెప్పేచోట, మిగతావన్నీ బాగున్నా, మొదటి స్కూలుగా వద్దు. డైపర్ ఉన్నా తీసుకుంటారా అన్నదీ ముందే తేల్చుకోండి, మూడేళ్ళ తరగతికి చాలాచోట్ల టాయిలెట్ అలవాటు తప్పనిసరి.

కాగితాల్లో చిక్కు టీకాల దగ్గరే వస్తుంది. ఊళ్ళో ఏఎన్‌ఎం ఇచ్చిన కార్డులో 05/07 అంటే జూలై ఐదు, ఇక్కడ మే ఏడు అని చదువుతారు. నెల పేరు అక్షరాల్లో రాసిన కాపీ తయారుచేసుకోండి. మన ప్రభుత్వ పట్టికలో తొమ్మిదో నెలలో వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) ఇక్కడ లెక్కకు రాదు, మొదటి పుట్టినరోజు దాటాక వేసినదే చూస్తారు. పైగా అందులో గవదబిళ్ళల మందు ఉండదు కాబట్టి ఎంఎంఆర్ వేయించమంటారు. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ కూడా మన పట్టికలో లేవు. టీబీ పరీక్ష అడిగితే బీసీజీ వేసిన సంగతి చెప్పండి. ఆ టీకా వల్ల చర్మపరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపవచ్చు, రెండేళ్ళు దాటితే రక్తపరీక్ష మేలు. ఇన్సూరెన్స్ లేని పిల్లలకు వీఎఫ్‌సీ అనే ప్రభుత్వ పథకం కింద టీకాల మందు ఉచితం.

ఇంకొకటి, ఎవరూ ముందు చెప్పనిది. మన పిల్లల్లో చాలామందికి నడుం కింద పుట్టుకతోనే నీలం మచ్చలుంటాయి. డైపర్ మార్చే టీచరు వాటిని దెబ్బలనుకోవచ్చు. అనుమానం వస్తే ప్రభుత్వానికి చెప్పడం ఆమెకు చట్టపరమైన బాధ్యత. డాక్టరు చేత ఆరోగ్య ఫారంలో ఆ మచ్చల గురించి రాయించి ఇచ్చేయండి. మెడలో తాయెత్తు గొంతుకు చుట్టుకుంటుందని తీసేయమంటారు, మొలతాడు కూడా. కాటుకలో సీసం ఉండే ప్రమాదం నిజమైనదే, దిష్టిచుక్క ఇంట్లో కూడా మానేయడం మంచిది.

డబ్బాలో చెనక్కాయల చట్నీతో ఇడ్లీ పంపకండి. నట్-ఫ్రీ (చెనక్కాయలు, జీడిపప్పు లాంటివి రానివ్వని) తరగతి అయితే డబ్బా తెరవకుండానే వెనక్కి వస్తుంది. చెనక్కాయల పొడి కలిపినా అంతే. ద్రాక్షపళ్ళు నిలువునా చీల్చి పంపండి, గుండ్రంగా ఉంటే గొంతులో ఇరుక్కుంటాయి. చాలాచోట్ల వేడిచేసి పెట్టరు. థర్మాస్‌లో ముందు పది నిమిషాలు వేడినీళ్ళు పోసి ఉంచి, పారబోసి, అప్పుడు నెయ్యి కలిపిన పప్పన్నం పెడితే మధ్యాహ్నానికి గోరువెచ్చగా ఉంటుంది. గోరుముద్దలు తినిపించే మనిషి అక్కడ ఉండదు. నెల ముందునుంచే రోజుకొక పూట స్పూను బిడ్డ చేతికివ్వండి, నేలంతా పెరుగన్నమైనా సరే. శాకాహారులైతే ‘వెజిటేరియన్’ అని వదిలేయక గుడ్డు, జెలటిన్ (జంతువుల నుంచి తీసే జిగురు) సంగతి కూడా రాసివ్వండి.

బిడ్డ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అర్థంతో ఒక కాగితం మీద రాసి టీచరుకు ఇవ్వండి: నీళ్ళు, బువ్వ, ఉచ్చ, నొప్పి, ఎత్తుకో, వద్దు, అమ్మ వస్తాది. ఆఖరుది టీచరు చేత నాలుగుసార్లు పలికించండి, బిడ్డకు అన్నిటికన్నా అదే కావాలి.

మొదటిరోజు ముక్కాలు గంట, మీరూ లోపలే. మూడో రోజుకు పది నిమిషాలు బయటికి వెళ్ళి రండి. రెండో వారంలో భోజనం దాకా, పగటి నిద్ర అన్నిటికన్నా చివర. మన ఇళ్ళల్లో బిడ్డ చూడకుండా జారుకోవడం అలవాటు. అక్కడే చెడుతుంది, ఆ తర్వాత బిడ్డ ఆట మాని తలుపునే చూస్తుంటుంది. ఒక్క మాట చెప్పి, ముద్దుపెట్టి, వెనక్కి తిరగకుండా వెళ్ళండి. దింపేటప్పుడు రెండు మూడు వారాలు ఏడవడం మామూలు. మీరు వెళ్ళాక కూడా పూటంతా ఏడుస్తూ, తినకుండా, నెల దాటినా అలాగే ఉంటే గంటలు తగ్గించండి లేదా చోటు మార్చండి. చాలాచోట్ల జ్వరం 100.4 దాటితే ఇంటికి పంపుతారు, మందు లేకుండా 24 గంటలు తగ్గి ఉంటేనే మళ్ళీ రానిస్తారు. మొదటి చలికాలం ఇది పదేపదే వస్తుంది, ఆఫీసులో సెలవులు దాచుకోండి.

ఫీజు మీద ఫెడరల్ పన్ను రాయితీ వస్తుందని లెక్కేసుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. మామూలుగా భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి, లేదా ఒకరు పూర్తికాలం చదువుతూ ఉండాలి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద వర్క్ పర్మిట్ లేకుండా ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇది దక్కదు. బిడ్డను తెచ్చుకునే అనుమతి జాబితాలో అవ్వ, తాత పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, ఫోటో గుర్తింపు చూపిస్తే గానీ అప్పగించరు.

కొత్త భాష మధ్యకు వచ్చిన బిడ్డ కొన్నాళ్ళు స్కూల్లో నోరు మెదపకపోవడం సహజం. ఇంట్లో తెలుగులో కూడా రెండేళ్ళకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోతే స్కూలు మార్చి లాభం లేదు. ఎదుగుదల ఆలస్యమైన పసిపిల్లలకు సాయం చేసే రాష్ట్ర ‘ఎర్లీ ఇంటర్వెన్షన్’ కార్యాలయానికి మీరే ఫోన్ చేయవచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు, పరీక్ష ఉచితం. మూడేళ్ళు నిండితే ఆ పని స్కూల్ డిస్ట్రిక్ట్‌కు మారి మళ్ళీ మొదటినుంచి తిరగాల్సి వస్తుంది, కాబట్టి రెండున్నర దాటకముందే చేయండి.